‘పోబాక’ను స్పానిష్‌లోకి తిప్పే అట్ట చక్రం: ప్రాజెక్టు డైరీ

ఇది నెల్లూరులో, మా ఇంటి వరండాలో, పాత శుభలేఖలతో చేసిన పని. స్పానిష్‌లో ‘చెయ్యి’ అనడం నేర్చుకున్నవాళ్లు ‘చేయకు’ (మా నెల్లూరు మాటలో ‘చేయబాక’) దగ్గర ఎందుకు తప్పుతారో, క్రియను ఆ వద్దనే రూపంలోకి తిప్పడానికి నేను చేసిన అట్ట చక్రం ఎన్నిసార్లు చెడిపోయిందో రాసి పెడుతున్నాను. కావాలంటే మీరూ చేసుకోవచ్చు. చేసుకునేవాళ్లు దశ 2 చదివి వదిలేయండి, అది చేయబాకండి.

స్పానిష్ మాటలన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. దీనివల్ల వచ్చిన లాభం, నష్టం రెండూ దశ 4లో ఉన్నాయి. చదివేటప్పుడు మూడు గుర్తుపెట్టుకుంటే చాలు. వాళ్ల ‘హెచ్’ పలకదు, ‘వీ’ని బకారంగా పలుకుతారు, ‘టీ’, ‘డీ’లు మన త, దల్లాగే పళ్లకు తగులుతాయి.

మొదలుపెట్టించిన తప్పు

నేను రొయ్యల ఎగుమతి యూనిట్‌లో డాక్యుమెంట్ల పని చూస్తాను. ఒక ఇన్‌వాయిస్‌లో నికర బరువు తప్పు పడింది. స్పెయిన్‌లో ఉన్న కొనుగోలుదారుకు ‘ఆ కాగితం మీద సంతకం పెట్టకండి’ అని చెప్పాలి. సంతకం పెట్టడం ఫిర్మార్, కాదనడానికి నో. రెండూ కలిపి ‘నో ఫీర్మా ఎల్ దోకుమెంతో’ అని మెసేజ్ పెట్టాను.

ఆయన జవాబు: ‘క్యెన్ నో ఫీర్మా?’

‘ఎవరు సంతకం పెట్టడం లేదు?’ అని అడుగుతున్నాడు. నేను వద్దన్నాననుకుంటే, ఎవరో పెట్టడం లేదని కబురు చెప్పినట్టయింది. రాయాల్సింది ‘నో ఫీర్మె’. చివర ఆ బదులు ఎ. ఒక్క అచ్చు మారితే నిషేధం, మారకపోతే వార్త. నో అన్న మాటకు ఒంటరిగా వద్దనే శక్తి లేదు. క్రియ కూడా ఒళ్లు మార్చుకోవాలి.

తెలుగులోనూ అంతే కదా. ‘చెయ్యి’కి ‘కాదు’ తగిలిస్తే వద్దని అర్థం రాదు. ‘చేయకు’ అని క్రియనే మార్చాలి. మా నెల్లూరు వైపు అయితే ‘చేయబాక’. నలభై ఏళ్లుగా బాక వింటూ పెరిగినవాడిని, స్పానిష్‌కి వచ్చేసరికి కాదు తగిలించి ఊరుకున్నాను.

దశ 1: అమ్మ బాకలు (4 గంటలు)

క్రియల జాబితా ఎక్కడి నుంచి తేవాలి? పాఠ్యపుస్తకంలో మొదటి పేజీ ‘పాడకు, నాట్యం చేయకు’ అని ఉంటుంది. ఈ వయసులో నన్ను ఎవరూ నాట్యం చేయొద్దని ఆపలేదు. అందుకని మూడు రోజులు, పొద్దున 6 నుంచి మా అమ్మ ఏమేం వద్దంటుందో పాత క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసుకున్నాను.

‘తడి చేత్తో స్విచ్చి తాకబాక.’ ‘తలుపు తీసిపెట్టబాక, దోమలొస్తాయి.’ ‘మునక్కాయలు తేబాక, ఇంట్లో ఉండాయి.’ ‘ఆ చేపల పులుసు ఇప్పుడే తినబాక, రేపటికి బాగుంటాది.’ ‘దానికి అంత డబ్బు ఇయ్యబాక.’

మొత్తం 64 వాక్యాలు, అందులో వేరువేరు క్రియలు 31. ఆఫీసులో అవసరమయ్యేవి 5 కలిపాను: సంతకం పెట్టు, పంపు, డబ్బు కట్టు, వెతుకు, మొదలుపెట్టు. మొత్తం 36. స్పానిష్ క్రియల అసలు రూపం ఆర్, ఎర్, ఇర్ అనే మూడింటిలో ఒకదానితో ముగుస్తుంది. నా 36లో ఆర్ క్రియలు 19, ఎర్-ఇర్ రెండూ కలిపి 17 తేలాయి.

అమ్మ ఒకసారి పెన్సిల్ చూసి ‘ఏంది రాస్తుండావు?’ అంది. చెప్పాను. ఆ రోజు 9 గంటల దాకా ఒక్క బాక కూడా రాలేదు. కాబట్టి రెండో సూచన: కొలిచేది కొలవబడేవాళ్లకు తెలియనీయబాకండి.

ఇప్పటిదాకా: 36 క్రియలు, 4 గంటలు, ఖర్చు లేదు.

దశ 2: మొదటి చక్రం, పారేసింది (5 గంటలు)

సూత్రం తెలుసు. ఆర్ క్రియ అయితే చివర ఎ రావాలి, ఎర్-ఇర్ అయితే ఆ రావాలి. అంటే వాటి అచ్చులు తారుమారవుతాయి. మాట్లాడు అనే ఆబ్లార్ నుంచి ‘నో ఆబ్లెస్’, తిను అనే కోమెర్ నుంచి ‘నో కోమాస్’ (చివరి స్ ‘నువ్వు’కు గుర్తు). మనకు గుణింతం చిన్నప్పటి నుంచి వచ్చు కాబట్టి ఇది తేలికే అనుకున్నాను: దీర్ఘం తీసి ఎత్వం, ఎత్వం తీసి దీర్ఘం. వ్యాకరణంలో దీనికి సబ్‌జంక్టివ్ అని పేరు. ఆ పేరు మరిచిపోయినా పని ఆగదు.

సామాను: చెల్లెలి పెళ్లిలో మిగిలిన శుభలేఖలు ఒక కట్ట, కంపాస్, కత్తెర, ఫెవికాల్ 10 రూపాయలు, టిచ్ బటన్ల ప్యాకెట్ 20, రెండు మార్కర్లు 50.

1. రెండు శుభలేఖలు వీపుకు వీపు అంటించి 18 సెంటీమీటర్ల వ్యాసంతో కింది చక్రం కోశాను.
2. 12 సెంటీమీటర్లతో పై చక్రం, దానికి ఒక కిటికీ.
3. మధ్యలో టిచ్ బటన్ ఇరుసు.
4. కింది చక్రం అంచున 36 క్రియల అసలు రూపాలు.

మొదటి దెబ్బ కొలతలో తగిలింది. 18 సెంటీమీటర్ల చక్రం చుట్టుకొలత 56 సెంటీమీటర్ల చిల్లర. 36తో భాగిస్తే ఒక్కో క్రియకు ఒకటిన్నర సెంటీమీటరు. మార్కర్‌తో ఆ జాగాలో ‘ఎస్క్రిబీర్’ రాయడమంటే బియ్యపుగింజ మీద రాసినట్టే.

రెండోది, తడిస్తే పాడవుతుందని లామినేషన్ చేయించాను, 60 రూపాయలు. అట్ట మందమై టిచ్ బటన్ మూసుకోలేదు. కష్టపడి నొక్కితే చక్రం తిరగలేదు. 60 రూపాయలు నీళ్లపాలు.

అసలు దెబ్బ మూడోది. డిగ్రీ చదువుతున్న మా మేనకోడలు ఫోన్ యాప్‌లో ఆరు నెలలుగా సరదాకు స్పానిష్ నేర్చుకుంటోంది, క్రియలు వచ్చు. తనకు మూడు రోజులు చక్రం ఇచ్చి, నాలుగో రోజు చక్రం లేకుండా పరీక్ష పెట్టాను. నేను బాకతో తెలుగు వాక్యం చెబుతాను, 10 సెకన్లలో స్పానిష్‌లో చెప్పాలి. 30 వాక్యాలు.

ఫలితం: 30కి 13.

17 తప్పులను విడదీసి చూశాను. ఆ, ఎ తారుమారు చేయడం మరచిపోయినవి 3 మాత్రమే. 9 తప్పులు ఇలాంటివి: పెట్టు అనే పోనెర్ నుంచి ‘నో పోనాస్’ అంది. ఉండాల్సింది ‘నో పోంగాస్’. చెప్పు అనే దెసీర్ నుంచి ‘నో దెసాస్’ అంది, ఉండాల్సింది ‘నో దీగాస్’. మిగతా 5 ఏ లెక్కకూ రాని క్రియలు.

తన తప్పేం లేదు. నా చక్రం చెప్పిందే చెప్పింది. చక్రమే తప్పు. ‘మామా, నీ చక్రం తిప్పకుండా ఉంటే ఇంకో నాలుగు మార్కులు వచ్చేవి’ అంది. అది కూడా నిజమే.

ఇప్పటిదాకా: 9 గంటలు, 140 రూపాయలు, పరీక్ష 13/30.

దశ 3: ‘నేను’ రూపంతో రెండు చక్రాలు (6 గంటలు)

మార్చింది ఒకటే: బయలుదేరే చోటు. అసలు రూపం దగ్గర కాకుండా ‘నేను’ రూపం దగ్గర మొదలుపెట్టాలి. పోనెర్‌లో లేని గకారం ‘నేను పెడతాను’ అనే పోంగోలో ఉంది. దెసీర్‌లో లేనిది దీగోలో ఉంది. మూయి అనే సెర్రార్‌లో లేని విరుపు స్యేర్రోలో ఉంది. పడుకో అనే దోర్మీర్ ‘నేను’ దగ్గర ద్వేర్మో అవుతుంది, అందుకే ‘నో ద్వేర్మాస్’. వంకరలన్నీ నేను రూపం ముందే మోసుకొస్తుంది. మనం చివరి ఓ తీసి అచ్చు మార్చడమే.

పద్ధతి:

1. నేను రూపం చెప్పు: పోంగో.
2. చివరి ఓ తీసెయ్: పోంగ్.
3. ఆర్ క్రియకు ఎ, ఎర్-ఇర్ క్రియకు ఆ: పోంగా.
4. నువ్వుకు స్ చేర్చు: పోంగాస్. గౌరవంగా ఒక్కరికైతే ఏమీ చేర్చబాక: పోంగా. నలుగురికైతే న్: పోంగాన్.
5. ముందు నో.

నాలుగో మెట్టు దగ్గర కాసేపు ఆగాలి. మన ‘బాకండి’ రెండు పనులు చేస్తుంది. పెద్దాయన ఒక్కడికీ అదే, పదిమంది పిల్లకాయలకూ అదే. స్పానిష్‌లో పెద్దాయనకు ‘నో పోంగా’, పదిమందికి ‘నో పోంగాన్’. స్పెయిన్‌లో చనువున్న గుంపుకు ఇంకో రూపం ఉంది, ‘నో పోంగాయిస్’. లాటిన్ అమెరికాలో దాన్ని వాడరు. నా చక్రంలో అది పెట్టలేదు. కొనుగోలుదారులతో నాకు అంత చనువు లేదు.

ఇరుకు సమస్యకు చక్రాన్ని రెండు చేశాను. ఆర్ క్రియలకు ఒకటి, ఎర్-ఇర్ క్రియలకు ఒకటి. 19 ఉన్న చక్రంలో ఒక్కో క్రియకు 3 సెంటీమీటర్లు దొరికాయి. జాగా కోసం చేసిన ఈ మార్పు వేరే చోట కలిసొచ్చింది. మొదటి చక్రంలో ప్రతిసారీ ఎ వేయాలా, ఆ వేయాలా అని ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు ఏ చక్రం చేతిలో ఉంటే ఆ అచ్చే. ఆర్ చక్రానికి ఎరుపు అంచు, రెండోదానికి నీలం.

కిటికీ పక్కన చిన్న రేకులాంటి అట్ట పెట్టాను. అది చివరి ఓని మూసి, దాని మీద రాసిన ‘ఎస్’ను (నీలం చక్రంలో ‘ఆస్’ను) చూపించాలి. ఇక్కడ తెలుగు లిపి అడ్డం తిరిగింది. ‘పోంగో’లో ఓ విడిగా ఉండదు, గకారం నెత్తిన కూర్చుని ఉంటుంది. రేకు వేస్తే గో మొత్తం పోయి ‘పోం’ మిగిలింది. అరగంట చూసి, పొల్లు వేసి విడదీశాను: ‘పోంగ్ ఓ’. చూడ్డానికి ఒకటో తరగతి పలకలా ఉంది గానీ పని చేసింది.

మళ్లీ మూడు రోజులు, మళ్లీ అవే 30 వాక్యాలు వరస మార్చి. ఫలితం 22. సగటున ఒక్కో జవాబుకు 7 సెకన్లు.

మిగిలిన 8 తప్పుల్లో 5 మళ్లీ ఆ లెక్కకు రాని క్రియలే. వాటిని చక్రం మీద రాసేటప్పుడే అనుమానం రావాల్సింది. ఇవ్వు: దోయ్. ఉండు: ఎస్తోయ్. వెళ్లు: బోయ్. అవు: సోయ్. తెలుసుకో: సె. వేటికీ చివర ఓ లేదు, రేకు దేన్ని మూస్తుంది? దోయ్‌లో యకారాన్ని మూసేశాను, బలవంతంగా.

అంటే నియమం తన మినహాయింపులను తానే చూపిస్తోంది. నేను రూపం ఓతో ముగియకపోతే ఆ క్రియను బట్టీ పట్టాలి, ముగిస్తే చక్రం తిప్పాలి. అలాంటివి ఆరే ఆరు. ఆరోది ఆబెర్ అనే సహాయక క్రియ, దాంతో ఎవరినీ ఏమీ వద్దనం కాబట్టి వదిలేశాను. ఐదింటికీ విడి కార్డులు రాశాను:

దోయ్: నో దెస్ (ఇయ్యబాక)
ఎస్తోయ్: నో ఎస్తెస్ (ఉండబాక)
బోయ్: నో బాయాస్ (పోబాక)
సోయ్: నో సేయాస్ (అలాంటివాడివి కాబాక)
సె: నో సేపాస్ (తెలుసుకోబాక)

చివరిది నిజజీవితంలో ఎవరూ అనరు, మా అమ్మ తప్ప. ‘నీకెందుకు, తెలుసుకోబాక’ అని 64లో ఒకటి ఉంది.

మిగతా 3 తప్పుల్లో రెండు అచ్చు మరిచిపోయినవి. మూడోది రాయాల్సినదే. ‘బెంగపడబాక’ అన్నాను. మేనకోడలు తడుముకోకుండా ‘నో బెంగాస్’ అంది. నో బెంగాస్ అంటే రాబాక. వచ్చు అనే బెనీర్, నేను రూపం బెంగో. బెంగపడబాక అనాలంటే ‘నో తె ప్రెయోకూపెస్’. ధైర్యం చెప్పబోయి మనిషిని గడప దగ్గరే తరిమేసినట్టయింది. తెలుగు మాటలతో ముడిపెట్టి గుర్తుంచుకోవడం నేనే నేర్పాను. ‘పోంగాస్ అంటే పాలు పొంగడం గుర్తు తెచ్చుకో, పొయ్యి మీద పెట్టబాక’ లాంటివి. పొంగు పనికొచ్చింది, బెంగ ముంచింది. ఆ తర్వాత ముడులు నేను వేయడం మానేశాను, తన ముడులు తననే వేసుకోమన్నాను.

విడి కార్డులతో మరో రెండు రోజుల తర్వాత: 27.

ఇప్పటిదాకా: చక్రాల మీద 17, 14, విడి కార్డులు 5, 15 గంటలు, 140 రూపాయలు, పరీక్ష 27/30.

దశ 4: పసుపు కార్డులు (3 గంటలు)

నోటితో 27 వచ్చింది కదా అని రాత పరీక్ష పెట్టాను, వాళ్ల అక్షరాల్లో. 20 క్రియలు. తొమ్మిది తప్పు. ఆ తొమ్మిదీ ఆర్ చక్రంలోవే, కార్, గార్, సార్‌లతో ముగిసేవే. తాకు, తియ్యి, వెతుకు, బండి నిలుపు: ఈ నాలుగు కార్. డబ్బు కట్టు, చేరు, దీపం ఆర్పు: ఈ మూడు గార్. దాటు, మొదలుపెట్టు: ఈ రెండు సార్. తొమ్మిదికి తొమ్మిదీ తప్పే.

దీనికి కారణం నా తెలుగు అక్షరాలే. తాకుతాను తోకో, తాకబాక ‘నో తోకెస్’. తెలుగులో కకు ఓత్వం తీసి ఎత్వం పెడితే కె. క అనేది ఏ గుణింతంలోనైనా క గానే ఉంటుంది. అందుకే నోటితో తప్పు రాలేదు, చక్రం మీదా ఏమీ తేడా కనపడలేదు. కానీ వాళ్ల సీ అక్షరం పక్కన ఎ, ఇ వస్తే స అని పలుకుతుంది. సీని అలాగే ఉంచి ఎ రాస్తే ‘తోసెస్’ అవుతుంది. మనం తోయడం గురించి మాట్లాడటం లేదు. కకారం నిలబడాలంటే సీ తీసి క్యూ, యూ రెండూ రాయాలి.

గార్ కథా ఇదే. వాళ్ల జీ పక్కన ఎ వస్తే హ. డబ్బు కట్టబాక ‘నో పాగెస్’ కాస్తా ‘పాహెస్’ అయిపోతుంది. మధ్యలో యూ ఒకటి అడ్డం పెడితే గ నిలుస్తుంది, ఆ యూ పలకదు. సార్ క్రియల్లో జెడ్ ఉంటుంది, ఎ ముందు దాన్ని సీగా మారుస్తారు. ధ్వని మారదు, వాళ్లకు అదొక రాత అలవాటు. దాటబాక: ‘నో క్రూసెస్’. స్పెయిన్‌లో ఎక్కువ చోట్ల ఆ సని నాలుక పళ్ల మధ్య పెట్టి థలా పలుకుతారు, రాత మాత్రం ఒకటే.

ఎర్-ఇర్ చక్రంలో ఈ బాధ రాదు. అక్కడ అక్షరం మారాల్సి ఉంటే నేను రూపంలోనే మారిపోయి ఉంటుంది.

శుభలేఖల మూలలకు పసుపు పూస్తారు కదా. కట్టలో పసుపు మూలలున్నవి పక్కన పడేసి ఉన్నాయి, మార్కర్ సరిగా పడదని. ఆ మూలలు కోసి ఈ తొమ్మిది క్రియల పక్కన అంటించాను. పసుపు కనపడితే రాసేటప్పుడు ఆగాలి, పలికేటప్పుడు ఆగక్కర్లేదు. మళ్లీ రాత పరీక్ష: 20కి 18.

తెలుగు లిపి మంచిదా కాదా అని అడిగితే, పలకడానికి నూటికి నూరు మంచిది. త, ద అలవాటైన నాలుకకు ఇంగ్లీషు ట, డల బెడద లేదు. రాతకు మాత్రం మొదటి రోజు నుంచీ పక్కన వాళ్ల అక్షరాలూ రాసుకోండి. నేను చక్రం వెనక వైపు రాశాను, వారం ఆలస్యంగా.

ఇప్పటిదాకా: 18 గంటలు, 140 రూపాయలు, రాత 18/20.

దశ 5: దామెలో తిరగబడింది (5 గంటలు)

‘నాకు అది ఇవ్వు’ అనడానికి ఒకే మాట: దామెలో. దా అంటే ఇవ్వు, మె అంటే నాకు, లో అంటే దాన్ని. మూడూ అంటుకుని ఉంటాయి. ‘నాకు అది ఇయ్యబాక’ అన్నప్పుడు ఆ రెండూ ఊడి క్రియ ముందుకు రావాలి: ‘నో మె లో దెస్’.

తెలుగులో ఇవ్వు అన్నా, ఇయ్యబాక అన్నా ‘నాకు’, ‘అది’ కదలవు. అందుకే చెవికి ఇది ఎక్కలేదు. 15 వాక్యాల్లో మొదటిరోజు నాకే 4 వచ్చాయి. ‘నో దామెలో’ 6 సార్లు అన్నాను. మిగతా ఐదుసార్లు ఇంకా ఘోరం.

దీనికి చక్రం పనికిరాదు, పట్టీ కావాలి. పాత ఫైలు కవరు 15 రూపాయలు, దాన్ని కోసి నాలుగు జేబుల పట్టీ చేశాను. వరస మారకూడదు:

1. నో
2. ఎవరికి (మె, తె, సె)
3. దేన్ని (లో, లా)
4. క్రియ

రెండో జేబులో ఒక మెలిక. ‘అతనికి’ అంటే లె. కానీ లె పక్కన లో వస్తే లె కాస్తా సె అవుతుంది. ‘అతనికి అది చెప్పబాక’: ‘నో సె లో దీగాస్’. నేను ‘నో లె లో దీగాస్’ అని కార్డు రాసి, మూడు రోజులు దాన్నే బట్టీ పట్టాను. తప్పు రాసిన కార్డును బట్టీ పడితే విడిపించుకోవడానికి దానికి రెట్టింపు రోజులు పట్టింది. కొత్త కార్డు రాసిన ప్రతిసారీ వాడే ముందు నిఘంటువుతో సరిచూడండి.

పట్టీతో 15కి 12.

ఇక్కడ అనుకోకుండా ఒకటి సుఖంగా సాగింది. ‘ఏమీ చెప్పబాక’, ‘ఎవరికీ ఫోన్ చేయబాక’. స్పానిష్‌లో ‘నో దీగాస్ నాదా’, ‘నో యామెస్ ఆ నాద్యె’. నో ఉన్నా నాదా కూడా రావాలి. ఇంగ్లీషు మీదుగా వచ్చేవాళ్లు ఇక్కడ రెండు కాదులేమిటని తికమక పడతారు. మనకు ‘ఏమీ’ పక్కన బాక ఎటూ రావాల్సిందే కాబట్టి ఇంగ్లీషు పక్కన పెట్టి నేరుగా తెలుగు నుంచి పోతే చాలు. దీని మీద 10 నిమిషాలు కూడా పెట్టలేదు.

ఇప్పటిదాకా: 23 గంటలు, 155 రూపాయలు, పట్టీ 12/15.

దశ 6: పరీక్షే తప్పు (6 గంటలు)

ఒక సాయంత్రం మాటల్లో మేనకోడలిని ‘చెప్పు’ అని స్పానిష్‌లో అడగమన్నాను. ‘దీగాస్’ అంది. తలుపు మూయి అంటే ‘స్యేర్రెస్’ అంది. మూడు వారాలు బాకలే పలికించి, మామూలు ఆజ్ఞలను పాడుచేశాను. పరీక్షలో 30కి 30 వద్దనేవే ఉంటే, నో తగిలించడానికి ఆలోచనే అక్కర్లేదు.

30లో 10 చేయమనేవి కలిపి మళ్లీ పెట్టాను. 27 ఉన్నది 19కి పడింది. చేయమనేవాటిలో 8 తప్పు, వద్దనేవాటిలో 3.

నువ్వు అని చనువుగా చేయమన్నప్పుడు చాలా క్రియలకు ‘అతను చేస్తాడు’ రూపమే వస్తుంది: ఆబ్లా, కోమె, స్యేర్రా. పొట్టివి 8 విడిగా ఉన్నాయి: దీ (చెప్పు), ఆస్ (చెయ్యి), బె (వెళ్లు), పోన్ (పెట్టు), సాల్ (బయటికి పో), సె (అవు), తెన్ (తీసుకో), బెన్ (రా). చక్రాల వెనక ఈ రూపాలు రాశాను. ముందువైపు బాక, వెనకవైపు చెయ్యి. నేను చేత్తో చక్రం తిప్పేసి చూపిస్తే, ఏ వైపు ఉంటే అది చెప్పాలి. వారం తర్వాత 26.

అప్పుడు కనపడింది ఒక సంగతి, చివర్లో కనపడినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. గౌరవ రూపంలో ఈ గొడవే లేదు. సంతకం పెట్టండి ‘ఫీర్మె’, పెట్టకండి ‘నో ఫీర్మె’. పంపండి ‘మాందె’, పంపకండి ‘నో మాందె’. రెండింటికీ క్రియ ఒకటే, నో ఉందా లేదా అంతే. ఎవరైనా ఆఫీసు మెయిళ్ల కోసమే నేర్చుకుంటుంటే గౌరవ రూపంతో మొదలుపెట్టండి, దశ 6 సగం తప్పుతుంది. నేను అమ్మ బాకలతో మొదలుపెట్టాను కాబట్టి నువ్వు దగ్గర ఇరుక్కున్నాను.

చెవి పరీక్ష కూడా ఇందులోనే చేశాం. ‘నో కోమెస్’ అంటే నువ్వు తినడం లేదు, ‘నో కోమాస్’ అంటే తినబాక. ఫోన్‌లో ఇలాంటి జంటలు 20 రికార్డు చేసి కళ్లు మూసుకుని వినిపించాను. మొదట 14, రెండోసారి 18. తప్పులు వినడంలో కంటే నేను పలకడంలో ఉన్నాయి. చివరి అచ్చును మింగేస్తున్నాను. ఫ్యాన్ ఆపి మళ్లీ రికార్డు చేశాక 18 వచ్చింది.

అట్టపెట్టెల మీద రాత

ప్యాకింగ్ సెక్షన్‌లో స్పెయిన్‌కు పోయే పెట్టెల మీద ‘నో బోల్బెర్ ఆ కోన్హెలార్’ అని ఉంటుంది. కరిగాక మళ్లీ గడ్డకట్టించవద్దని. ఇందులో స్ లేదు, అచ్చు తారుమారు లేదు, అసలు రూపమే ఉంది. నా చక్రం తప్పా అని ఒక పూట టెన్షన్ పడ్డాను.

తప్పు కాదు. ఎదురుగా మనిషి ఉంటే చక్రం రూపం. బోర్డు మీద, లేబుల్ మీద, ఎవరు చదువుతారో తెలియని చోట నో తర్వాత అసలు రూపం. ‘నో ఫుమార్’ కూడా అంతే. మన బస్టాండ్లలో ‘పొగ త్రాగరాదు’ అని రాస్తారు గానీ ‘తాగబాక’ అని రాయరు కదా. లేబుల్ రాసేవాళ్లకు చక్రం అవసరం లేదు, అందుకని దీన్ని దశల్లో కలపలేదు.

చివరి లెక్క

36 క్రియలు, 2 చక్రాలు, 5 విడి కార్డులు, ఒక పట్టీ. 29 గంటలు. 155 రూపాయలు, అందులో 60 లామినేషన్‌కు దండగ. కలిపి పెట్టిన పరీక్ష 26/30, రాత 18/20, పట్టీ 12/15, చెవి 18/20.

మిగిలిన లోపాలు: ఆర్ చక్రం టిచ్ బటన్ వదులైంది, 200 సార్లు తిప్పితే ఊడి వస్తోంది. ‘సె’ మూడు చోట్ల వస్తుంది, ‘నాకు తెలుసు’కూ ‘అవు’కూ పట్టీలో ‘అతనికి’కీ, విడి కార్డులో తేడా చూపించలేదు. స్పెయిన్ గుంపు రూపానికి కార్డుల్లేవు.

పోయిన వారం మరో కాగితంలో పెట్టెల సంఖ్య తప్పు పడింది. ఈసారి చక్రం తీయకుండానే రాశాను: ‘నో ఫీర్మె తొదాబియా’, ఇంకా సంతకం పెట్టకండి అని. టీ తాగి వచ్చేసరికి ఆయన జవాబు వచ్చి ఉంది.

‘దె ఆక్వేర్దో. నో ఫీర్మో.’

సరే, పెట్టను అని. నేను రూపం, చివర ఓతో.